పటం ముందా, మనిషి ముందా?

పదో తరగతి సాంఘికశాస్త్రంలో యూరప్ జాతీయవాదం పాఠం తెరవగానే మెటర్నిక్, మాజినీ, గారిబాల్డీ, బిస్మార్క్ వరసగా వచ్చి నిలబడతారు. వాళ్ల వెనకే 1815, 1830, 1848, 1871 అంటూ సంవత్సరాలు. పిల్లలు వాటిని గడగడా అప్పజెబుతారు. అదే పిల్లల చేతికి యూరప్ అవుట్‌లైన్ మ్యాప్ ఇచ్చి రైన్ నది గుర్తించమంటే పెన్సిల్ కదలదు. బిస్మార్క్ ఏకం చేసిన రాజ్యాలు ఎక్కడున్నాయో తెలియకుండానే జర్మనీ ఏకీకరణ మీద పేజీన్నర జవాబు రాసేస్తారు.

పిఠాపురంలో ఇద్దరు ఉపాధ్యాయులకు ఈ లోటు బాగా తెలుసు. ఒకరు భూగోళంలో ఎమ్మే చేసి, హైస్కూల్లో సోషల్ చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారు. రెండోవారు ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకుని, చరిత్రలో ఎమ్మే చేసి, ఇప్పుడు పక్క ఊరి హైస్కూల్లో సోషల్ చెబుతున్న టీచరమ్మ. లోటు ఇదేనని ఇద్దరూ ఒప్పుకుంటారు. దాన్ని పూడ్చే దారి దగ్గరే పేచీ. బడులు తెరవబోయే ముందు, పాత గోడ పటం అడిగి తెచ్చుకుందామని ఆమె మాస్టారింటికి వెళ్లిన రోజున ఆ పేచీ పూటంతా నడిచింది.

“మొదటి వారం చరిత్ర జోలికి వెళ్లకమ్మా,” అన్నారు మాస్టారు. “పటం ఒక్కటి చాలు. కొండలు, నదులు, సముద్రాలు పిల్లలకి పట్టుబడ్డాయంటే తక్కినదంతా దానంతటదే అర్థమవుతుంది. ఏ రాజ్యం ఎందుకు నిలిచింది, ఏది ఎందుకు కూలింది అన్నదానికి సగం కారణం నేలలోనే దొరుకుతుంది.”

“నాకు భయం అక్కడే మాస్టారూ. అన్నిటికీ నేలే కారణమంటే ఇక మనుషులు చేసిందేమిటి? దండెత్తినవాడి తప్పేం లేదు, అడ్డంగా కొండ లేకపోవడమే తప్పు అనుకుంటారు పిల్లలు. నేను మనుషులు తీసుకున్న నిర్ణయాలతో మొదలుపెడతాను. పటం ఆ తర్వాత తగిలిస్తాను.”

మాస్టారు మాట్లాడకుండా పటం విప్పి గోడకు తగిలించారు. యూరప్ విస్తీర్ణం సుమారు కోటి చదరపు కిలోమీటర్లు. మన దేశానికి మూడింతలు. ఖండమని పేరే గానీ నిజానికి ఆసియా పడమటి కొస నుంచి అట్లాంటిక్ వైపు సాగిన పెద్ద ద్వీపకల్పం. దానిలోంచి మళ్లీ స్కాండినేవియా, ఐబీరియా, ఇటలీ, బాల్కన్ ద్వీపకల్పాలు. వాటి సందుల్లోకి చొరబడిన బాల్టిక్, మధ్యధరా, ఏడ్రియాటిక్, నల్ల సముద్రాలు.

“ముందు అక్షాంశాలు చూడమను,” అన్నారాయన. “మనం 17 డిగ్రీల దగ్గరున్నాం. లండన్ 51 దాటి ఉంది. అదే అక్షాంశం మీద అట్లాంటిక్‌కి అవతల కెనడాలో లాబ్రడార్ ఉంది. అక్కడ చలికాలంలో తీరమంతా సముద్రమే గడ్డకడుతుంది. ఇంగ్లండ్‌లో మాత్రం గోధుమ పండుతుంది. అట్లాంటిక్‌ని దాటి వచ్చే ఉష్ణ ప్రవాహం, దాని మీదుగా వీచే పడమటి గాలులు చేసే పని అది. ఇంకో ఉదాహరణ చెబుతాను. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ 60 డిగ్రీల దగ్గరుంది. చలికాలంలో దాని ముందున్న సముద్రం గడ్డకడుతుంది. మూర్మాన్స్క్ అంతకన్నా ఉత్తరాన, 69 డిగ్రీల దగ్గర, ఆర్కిటిక్ వలయం లోపల ఉంది. అక్కడి రేవులోకి ఏడాది పొడుగునా ఓడలు వస్తాయి, ఆ వెచ్చని నీరు అక్కడిదాకా పోతుంది కాబట్టి. గడ్డకట్టని రేవు కోసం రష్యా పడిన తపన ఈ ఒక్క సంగతితో పిల్లలకి అర్థమవుతుంది. పీటర్ చక్రవర్తి స్వీడన్‌తో ఇరవై ఏళ్లకు పైగా ఎందుకు పోరాడాడో అప్పుడు వేరే చెప్పక్కర్లేదు.”

“చెప్పాలి మాస్టారూ. బాల్టిక్ తీరం పీటర్‌కి ముందూ అక్కడే ఉంది. దాని మీద కన్నేసి, 1703లో చిత్తడి నేలలో నగరానికి పునాది వేయించి, రాజధానిని మాస్కో నుంచి అక్కడికి మార్చినవాడు పీటర్. అందుకోసం చలిలో, బురదలో చచ్చిపోయినవాళ్లు వెట్టికి తోలుకొచ్చిన రైతులు.” ఆమె లేచి పటంలో తూర్పు అంచు మీద వేలు పెట్టారు. “అసలు మీ పటం అంచు సంగతి అడుగుతాను. యూరప్ ఎక్కడ ఆగిపోతుంది?”

“ఉరల్ పర్వతాల దగ్గర.”

“పాత గ్రీకులు అలా అనుకోలేదు. వాళ్ల లెక్కలో డాన్ నదే హద్దు. ఉరల్ హద్దు పద్దెనిమిదో శతాబ్దంలో వచ్చింది. 1709లో పోల్టావా యుద్ధంలో రష్యన్లకు పట్టుబడి సైబీరియాలో ఏళ్ల తరబడి గడిపిన స్ట్రాలెన్‌బర్గ్ అనే స్వీడన్ సైనికాధికారి, తిరిగి వెళ్లాక 1730లో అచ్చేసిన పుస్తకంలో ఈ గీత గీశాడు. రష్యాలో తతీష్చెవ్ అనే పండితుడూ అదే వాదించాడు. రష్యా తనను యూరప్ రాజ్యంగా చూపించుకోవాలనుకున్న కాలం అది. కొండలు కోట్ల ఏళ్లుగా ఉన్నాయి. వాటిని ఖండానికి హద్దు చేసినవాళ్లు మనుషులు.”

మాస్టారికి ఈ సంగతి తెలియనిది కాదు. అయినా పిల్లలకు మొదటి రోజే హద్దు మీద అనుమానం కలిగిస్తే పటం మీద నమ్మకం పోతుందని ఆయన వాదన. పటాన్ని ప్రశ్నించడం నేర్పకపోతే అది చూసి బట్టీపట్టే మరో పేజీ అయిపోతుందని ఆమె వాదన. అక్కడి నుంచి ఇద్దరూ గ్రీస్‌కి దిగారు.

గ్రీస్ నేలలో ఎక్కువ భాగం కొండలు. లోయకో ఊరు, ఊరికో రాజ్యం. ఒకరి లోయ నుంచి ఇంకొకరి లోయకి నడిచి వెళ్లడం కన్నా పడవ మీద వెళ్లడం తేలిక. అందుకే అక్కడ ఒక పెద్ద సామ్రాజ్యం పుట్టలేదు, నగర రాజ్యాలు పుట్టాయి, అందరూ సముద్రం వైపే తిరిగారు అన్నారు మాస్టారు. ఇది పాఠ్యపుస్తకాల్లోనూ ఉండే మాటే.

“ఏథెన్స్‌కీ స్పార్టాకీ ఒకే రకం కొండలు, ఒకే ఎండ, ఒకే ఆలివ్ చెట్లు,” అన్నారు టీచరమ్మ. “ఒకచోట పౌరులంతా కూడి ఓటు వేసే సభ వచ్చింది. రెండోచోట ఏడేళ్ల పిల్లవాణ్ని ఇంటి నుంచి తీసుకెళ్లి సైనికుడిగా తయారు చేసే వ్యవస్థ వచ్చింది. క్రీ.పూ. 483 ప్రాంతంలో ఏథెన్స్ దగ్గర లారియం గనుల్లో కొత్త వెండి పొర దొరికింది. ఆ డబ్బు తలా ఇంత పంచుకుందామన్నారు జనం. థెమిస్టోక్లిస్ అనే నాయకుడు లేచి, పంచుకోవద్దు, యుద్ధనౌకలు కడదాం అన్నాడు. సభ ఆయన మాట విన్నది. మూడేళ్లకు పర్షియా దండెత్తి వచ్చినప్పుడు సలామిస్ జలసంధిలో గెలిపించినవి ఆ నౌకలే. వెండి నేల ఇచ్చింది, ఒప్పుకుంటాను. ఆ రోజు సభలో అందరూ చేతులు చాపి వాటా తీసుకుని ఉంటే?”

“సలామిస్ జలసంధి ఇరుకుగా లేకపోతే? అంత పెద్ద పర్షియా నౌకాదళం ఆ ఇరుకులోకి వచ్చి ఒకదానికొకటి అడ్డం పడబట్టే కదమ్మా ఏథెన్స్ గెలిచింది. విశాలమైన సముద్రంలో అయితే నీ థెమిస్టోక్లిస్ ఓటు ఎందుకూ పనికొచ్చేది కాదు.”

“ఆ ఇరుకులోకి వాళ్లని రప్పించిందీ ఆయనే,” అన్నారామె.

వాదన ఇంగ్లిష్ చానల్ దగ్గరికి వచ్చేసరికి మరింత బిగుసుకుంది. డోవర్ దగ్గర ఆ జలసంధి వెడల్పు సుమారు 33 కిలోమీటర్లే. ఆ కాస్త నీరు లేకపోతే బ్రిటన్ చరిత్ర వేరుగా ఉండేదని మాస్టారి మాట. 1588లో స్పెయిన్ పంపిన ఆర్మడా 130 ఓడలతో వచ్చి, ఇంగ్లీషు నౌకల దెబ్బకీ, ఆ తర్వాత స్కాట్లండ్, ఐర్లండ్ తీరాల తుపాన్లకీ చితికిపోయింది. 1803 నుంచి 1805 దాకా నెపోలియన్ బులోన్ దగ్గర పెద్ద సేనను పోగేసి నీటి వంక చూస్తూ కూర్చున్నాడు, దాటలేకపోయాడు. 1940లో హిట్లర్ ఫ్రాన్స్‌ని ఆరు వారాల్లో కూల్చాడు గానీ ఆ నీటిని దాటలేదు.

“మీరు దాటలేనివాళ్ల జాబితా చెప్పారు. దాటినవాళ్ల సంగతి నేను చెబుతాను,” అన్నారు టీచరమ్మ. “క్రీ.శ. 43లో రోమన్లు దాటారు, మూడున్నర శతాబ్దాలు పాలించారు. 1066లో నార్మండీ నుంచి విలియం దాటాడు, ఇంగ్లండ్‌కి రాజయ్యాడు. 1688లో ఆరెంజ్ వంశపు విలియం నెదర్లాండ్స్ నుంచి నాలుగు వందలకు పైగా ఓడలతో వచ్చాడు. ఓడల లెక్కలో ఆర్మడాకి మూడింతలు అది! నవంబరులో టోర్‌బే దగ్గర దిగి లండన్ దాకా నడిచాడు. చానల్ గోడే అయితే ఈ ముగ్గుర్నీ ఎందుకు ఆపలేదు?”

“ఆ విలియం ఓడల్ని తోసింది తూర్పు గాలి. అదే గాలి ఇంగ్లీషు నౌకాదళాన్ని థేమ్స్ ముఖద్వారంలోంచి కదలనివ్వలేదు.”

“తోసింది. కానీ రమ్మని ఉత్తరం రాసింది ఏడుగురు ఇంగ్లీషు పెద్దలు మాస్టారూ. రెండో జేమ్స్ మీద సొంత మనుషులకే నమ్మకం పోయింది. విలియం దిగాక అతన్ని ఎదిరించి నిలిచిన సైన్యం లేదు. 1588లో స్పెయిన్‌ని అలా ఆహ్వానించిన పెద్దలు ఇంగ్లండ్‌లో లేరు, 1688లో డచ్చి రాజకుమారుణ్ని ఆహ్వానించినవాళ్లున్నారు. నీళ్ల వెడల్పు ఈ వందేళ్లలో ఏమీ తగ్గలేదు.”

మాస్టారు కాసేపు ఆలోచించి, మైదానం దగ్గరికి రమ్మన్నారు. ఫ్రాన్స్ ఉత్తర భాగం నుంచి బెల్జియం, జర్మనీ, పోలండ్ మీదుగా రష్యా దాకా అడ్డు లేకుండా సాగే ఉత్తర యూరప్ మైదానం అది. దాని మధ్యలో పోలండ్. దక్షిణాన కార్పాతియన్ పర్వతాలున్నాయి గానీ తూర్పున, పడమరన దాన్ని కాచే కొండ లేదు. 1772, 1793, 1795ల్లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా మూడు విడతలుగా ఆ దేశాన్ని పంచుకున్నాయి. 123 ఏళ్లు స్వతంత్ర పోలండ్ పటంలో లేదు. 1918లో తిరిగి వచ్చింది. 1939లో మళ్లీ రెండు వైపుల నుంచీ దాడి. కొండల మధ్య ఉన్న స్విట్జర్లండ్‌ని అలా పంచుకున్నవాళ్లు లేరు.

“ఇదీ నేల చేసిన పనే కాదంటావా?” అని అడిగారాయన.

“పోలండ్‌ని పంచుకున్న ప్రష్యా ఎక్కడుంది మాస్టారూ? అదే మైదానంలో, పోలండ్ పక్కనే. దానికీ కొండ అడ్డు లేదు. పైగా బ్రాండెన్‌బర్గ్ నేల ఇసుక పర్ర, పంట అంతంత మాత్రం. అలాంటి చోట పన్నులు గట్టిగా వసూలు చేసి, పెద్ద సైన్యాన్ని పోషించి, ఒక రాజ్యం బలపడింది. పోలండ్ సభలో మాత్రం ఒక్క సభ్యుడు ‘ఒప్పుకోను’ అంటే మొత్తం సమావేశమే రద్దయ్యేది. పొరుగు రాజ్యాలు ఎవరో ఒకరికి డబ్బిచ్చి ఆ మాట అనిపించేవి. 1791 మే 3న కొత్త రాజ్యాంగంతో ఆ పద్ధతి తీసేశారు. దేశం బాగుపడేలా ఉందని గ్రహించే రష్యా మరుసటి ఏడాది సైన్యాన్ని దింపింది. మైదానం పోలండ్‌ని బలహీనం చేసి ఉంటే ప్రష్యాని కూడా చెయ్యాలి కదా?”

ప్రష్యా పేరు వచ్చేసరికి ఆమెకు తన ఊరి పిల్లలు గుర్తొచ్చారు. యూరప్ మనకెందుకండీ అని అడిగే పిల్లలకు ఆమె చెప్పే సమాధానం పిఠాపురానికి దగ్గర్లోనే ఉంది. 1740లో ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ ఆస్ట్రియా నుంచి సైలీషియా అనే ప్రాంతాన్ని లాక్కున్నాడు. ఆ పగ 1756లో ఏడేళ్ల యుద్ధమైంది. ఇంగ్లండ్ ప్రష్యా వైపు, ఫ్రాన్స్ ఆస్ట్రియా వైపు. అమెరికాలోనూ ఇండియాలోనూ అప్పటికే పోట్లాడుకుంటున్న ఇంగ్లీషు, ఫ్రెంచివాళ్ల తగాదా అందులో కలిసింది. విజయనగరం రాజు ఆనంద గజపతి ఉత్తర సర్కారుల నుంచి ఫ్రెంచివాళ్లను వెళ్లగొట్టడానికి ఇంగ్లీషువాళ్ల సాయం అడిగాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్‌ని పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేన ఓడింది. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట ఇంగ్లీషువాళ్ల వశమైంది.

“చందుర్తి పొలాల్లో నిలబెట్టి ఈ కథ చెబితే, ఫ్రెడరిక్ ఎవరో ఆ పిల్లలు జన్మలో మరిచిపోరు,” అన్నారామె.

“ఫోర్డ్ ఎలా వచ్చాడో కూడా చెప్పు,” అన్నారు మాస్టారు. “బెంగాల్ నుంచి ఓడల మీద విశాఖపట్నంలో దిగాడు. ఫ్రెంచివాళ్లు మన తీరం పట్టుకుని వేళ్లాడింది ఎందుకంటే వాళ్లదీ ఓడల బతుకే. తీరం లేని ఆస్ట్రియావాడో, ప్రష్యావాడో మచిలీపట్నంలో కోట కట్టాడా?”

ఆమె వెంటనే ఒప్పుకోలేదు; ఆ రెండు రాజ్యాలకీ చిన్నవో పెద్దవో రేవులుండేవని గుర్తు చేశారు. కానీ లిస్బన్, ఆమ్‌స్టర్‌డామ్, లండన్, లోరియాన్ లాంటి అట్లాంటిక్, ఉత్తర సముద్ర రేవుల నుంచే మన తీరానికి ఓడలు ఎక్కువగా వచ్చాయన్న సంగతి కాదనలేదు.

తర్వాత వచ్చింది నెపోలియన్ రష్యా దండయాత్ర. ఇక్కడ మాస్టారు తన గెలుపు ఖాయమనుకున్నారు. రష్యా చలికాలం నెపోలియన్‌ని ఓడించింది అన్నది బడిలో ప్రతివాడూ నేర్చుకునే వాక్యం.

టీచరమ్మ ఫోన్‌లో ఒక పాత పటం తీసి చూపించారు. 1869లో షార్ల్ మినార్ అనే ఫ్రెంచి ఇంజనీరు, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో, ఆ దండయాత్రనంతా ఒక్క కాగితం మీద గీశాడు. నేమన్ నది దగ్గర లావుపాటి పట్టీగా మొదలై, మాస్కో దాకా సన్నబడుతూ వెళ్లి, నల్లటి సన్నగీతగా వెనక్కి వచ్చే బొమ్మ అది. పట్టీ లావు సైనికుల సంఖ్యకు గుర్తు. కింద తిరుగు ప్రయాణంలోని చలి లెక్క.

“ఈ అంకెలు చూడండి. బయల్దేరినప్పుడు 4,22,000 మంది. మాస్కో చేరేసరికి 1,00,000. నేమన్ దాటి వెనక్కి వచ్చింది 10,000. మాస్కోలో అడుగుపెట్టింది సెప్టెంబరు 14న. చలి ఇంకా మొదలే కాలేదు. అప్పటికే సేనలో మూడొంతులకు పైగా తరిగిపోయింది. కొందరిని వెనక కాపలాకి వదిలారు, కొందరు యుద్ధాల్లో పోయారు. ఎంతోమంది ఎండకి, ఆకలికి, టైఫస్ జ్వరానికి రాలిపోయారు. బెరెజినా నది దగ్గర ఏమైందో తెలుసుగా? నవంబరు చివరలో ఆ నది గడ్డకట్టి ఉంటే సేన మంచు మీద నడిచి దాటేది. మధ్యలో వాతావరణం కాస్త వెచ్చబడి మంచు కరిగింది. ఇంజనీర్లు గడ్డలు తేలే నీళ్లలో నిలబడి వంతెనలు వేశారు. ఆ ఒక్క చోటే మినార్ లెక్కలో 50,000 మంది 28,000కి పడిపోయారు. చలి ఓడించింది అనే ఒక్క మాటతో ఈ పాఠం ముగిస్తే పిల్లల్ని మోసం చేసినట్టే.”

మాస్టారు ఆ పటాన్ని పెద్దది చేసి చాలాసేపు చూశారు. “చలి కాదు సరే. నేమన్ నుంచి మాస్కో సుమారు 900 కిలోమీటర్లు. దారులు బురద, ఊళ్లు పలచన, పశువులకి మేత లేదు. రైన్ లోయలో అయితే దారి పొడుగునా ఊళ్లున్నాయి, సేన దొరికింది తిని నడిచేది. ఆ అలవాటుతో ఇక్కడికి వచ్చాడు. దూరమూ భూగోళమే కదమ్మా. అయినా ఈ పటం మాత్రం నువ్వు క్లాసులో చూపించి తీరాలి. ఇందులో నీదెంతో నాదెంతో విడదీయలేం.”

ఆయన తన పక్షాన పెట్టుకున్న బలమైన ఉదాహరణ నెదర్లాండ్స్. ఆ దేశంలో దాదాపు నాలుగో వంతు నేల సముద్రమట్టం కన్నా దిగువన ఉంది. గట్టు తెగితే పెద్దదొర ఇల్లూ కూలివాడి ఇల్లూ కలిసే మునుగుతాయి. అందుకే పదమూడో శతాబ్దం నుంచే గట్ల నిర్వహణకు నీటి మండళ్లు పెట్టుకున్నారు. పన్ను వేసుకుని, పని పంచుకుని, లెక్క అప్పజెప్పే సంస్థలవి. ఇప్పటికీ 21 మండళ్లు ఎన్నికలతో నడుస్తున్నాయి. 1612 నాటికి గాలిమరలతో నీళ్లు తోడి బీమ్‌స్టర్ చెరువును పొలాలుగా మార్చారు. 1953 జనవరి 31 రాత్రి వచ్చిన ఉప్పెనలో 1,836 మంది చనిపోతే, ఆ తర్వాత దశాబ్దాల పాటు డెల్టా ఆనకట్టలు కట్టుకున్నారు.

“1977 నవంబరు 19న దివిసీమ మునిగినప్పటి సంగతి ఈ పిల్లల తాతలకి తెలుసు,” అన్నారు మాస్టారు. “ఉప్పెన అంటే ఏమిటో మన పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. దానితో మొదలుపెట్టి నెదర్లాండ్స్‌కి వెళ్లు. జనం కలిసి నిర్ణయం తీసుకునే అలవాటు అక్కడి నీళ్లు నేర్పాయని అర్థమవుతుంది.”

“నీళ్లు నేర్పితే ప్రతి డెల్టాలోనూ అలాంటి మండళ్లు రావాలి. రాలేదే! ఇంకో సంగతి. 1574లో స్పెయిన్ సేన లీడెన్ నగరాన్ని ముట్టడించినప్పుడు డచ్చివాళ్లు ఏం చేశారు? తరతరాలుగా కాపాడుకున్న గట్లను తామే తెగ్గొట్టారు. పండే పొలాలు ముంచేసి, ఆ నీళ్ల మీద చదును అడుగు పడవల్లో తిండి తెచ్చారు. అక్టోబరు 3న ముట్టడి విడిపోయింది. ఏ నేలా ఇలా చెయ్యమని చెప్పదు మాస్టారూ. పంట పోయినా ఫరవాలేదు, లొంగకూడదని జనం తీర్మానించుకున్నారు.”

“గాలి నైరుతి వైపు తిరిగి నీళ్లను నగరం దాకా తోసేదాకా ఆ పడవలు కదల్లేదు,” అన్నారాయన. అయినా ఈసారి గొంతులో పట్టుదల కన్నా ఇష్టం ఎక్కువ వినిపించింది. ఆ తర్వాతి ఏడాది అదే లీడెన్‌లో విశ్వవిద్యాలయం వెలసిన సంగతి ఆయనే గుర్తు చేశారు.

ఐర్లండ్ కరువు సంగతి ఆమె ఎత్తారు. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. బెల్జియం, నెదర్లాండ్స్, ప్రష్యాల్లోనూ అదే తెగులు. అక్కడా ఆకలి చావులు జరిగాయి. ఐర్లండ్‌లో మాత్రం సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు తగ్గని సంఖ్యలో దేశం విడిచి ఓడలెక్కారు. 1841 జనగణనలో దాదాపు 82 లక్షలున్న జనాభా 1851 నాటికి 66 లక్షలకు దిగింది. ఆ ఏళ్లలోనూ ఐర్లండ్ రేవుల నుంచి ధాన్యం ఇంగ్లండ్‌కి ఎగుమతి అవుతూనే ఉంది.

“ఒక్క దుంప మీదే జనమంతా ఎందుకు బతికారు? తడి నేల, చల్లని వాన, చిన్న చెక్క. అందులో కుటుంబం కడుపు నింపే పంట అదొక్కటే,” అన్నారు మాస్టారు.

“చెక్క అంత చిన్నది ఎందుకైంది? భూమి ఎవరిది? గోధుమ పండించి శిస్తు కట్టి, దుంప తిని బతకమని రైతుకి చెప్పిందెవరు? మన గుంటూరు వైపు 1832–33లో డొక్కల కరువు వచ్చినప్పుడూ వాన పడకపోవడం ఒక కారణమైతే, కంపెనీ శిస్తు వసూళ్లు ఇంకో కారణం. వాన సంగతి చెప్పి శిస్తు సంగతి వదిలేస్తే చచ్చిపోయినవాళ్లకి అన్యాయం చేస్తాం.”

మాస్టారు దీనికి ఎదురు చెప్పలేదు. “ఈ పాఠం నీ పద్ధతిలోనే చెప్పాలి,” అన్నారు.

అప్పటికి పటంలో ఇద్దరి చూపూ రైన్ నది మీదికి మళ్లింది. స్విస్ ఆల్ప్స్‌లో పుట్టి సుమారు 1,230 కిలోమీటర్లు ప్రవహించి ఉత్తర సముద్రంలో కలిసే నది. మన గోదావరి కన్నా పొడవులో కాస్త చిన్నది. దాని పక్కన రూర్ లోయలో బొగ్గు, లొరైన్‌లో ఇనుప ఖనిజం. ఈ రెండూ ఒకరి చేతిలో ఉంటే ఉక్కు, ఉక్కు ఉంటే ఫిరంగి. 1871లో జర్మనీ ఆల్సస్‌నీ, లొరైన్‌లో కొంత భాగాన్నీ తీసుకుంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రాన్స్ తిరిగి తీసుకుంది. 1923లో నష్టపరిహారం బకాయి అంటూ ఫ్రెంచి, బెల్జియం సేనలు రూర్‌ని ఆక్రమించాయి. 1940లో జర్మనీ మళ్లీ వచ్చింది.

“బొగ్గు ఎక్కడుంటే యుద్ధం అక్కడ,” అన్నారు మాస్టారు.

“1950 మే 9న అదే బొగ్గు గురించి ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రోబెర్ షూమాన్ ఏమన్నాడో చెప్పండి,” అన్నారామె. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఉమ్మడి సంస్థ కింద పెడదామన్నది ఆయన ప్రతిపాదన. ఆయన లక్సెంబర్గ్‌లో పుట్టాడు. తండ్రిది లొరైన్, 1871 మార్పుతో జర్మన్ పౌరుడయ్యాడు. కొడుకు జర్మన్ పౌరుడిగా పుట్టి, జర్మన్ విశ్వవిద్యాలయాల్లో చదివి, లొరైన్ ఫ్రాన్స్‌లో కలిశాక ఫ్రెంచివాడై పార్లమెంటుకు వెళ్లాడు. 1940లో గెస్టపో ఆయన్ని అరెస్టు చేసింది. మాస్టారు పటంలో వేలు పెట్టి చూపించే సరిహద్దు ఆ మనిషి జీవితం మీదుగా సాగింది. 1951లో పారిస్‌లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ఒప్పందం చేసుకున్నాయి. ఇప్పటి యూరోపియన్ యూనియన్ ఆ బొగ్గు, ఉక్కు ఒప్పందం నుంచి పెరిగింది. ఆల్సస్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఇప్పుడు యూరోపియన్ పార్లమెంటు సమావేశమవుతోంది.

“బొగ్గు కదల్లేదు, నది కదల్లేదు. 1914లో ఆ నేల మీద ఒక నిర్ణయం, 1950లో ఇంకో నిర్ణయం,” అన్నారు టీచరమ్మ.

“కానీ రెండు నిర్ణయాలూ ఆ బొగ్గు గురించే. పటంలో రూర్ చూడని పిల్లవాడికి షూమాన్ ఎందుకు గొప్పవాడో ఎలా తెలుస్తుంది?” అని అడిగారాయన.

అక్కడ ఇద్దరూ పాఠం ఎలా మొదలుపెట్టాలన్న దానికి ఒక ఒప్పందానికి వచ్చారు. మొదటి పీరియడ్లో పటమే. అది మాస్టారి పట్టు. ఆ పటంలో దేశాల హద్దులు ఉండకూడదు. అది టీచరమ్మ పట్టు. నదులు, కొండలు, తీరం, బొగ్గు గనులు మాత్రమే గీసిన జిరాక్స్ కాపీలు పిల్లలకిస్తారు. మీరే రాజులైతే హద్దులు ఎక్కడ గీస్తారో పెన్సిల్‌తో గియ్యమంటారు. ఆ తర్వాత 1815, 1871, 1919 పటాలూ నేటి పటమూ పక్కన పెట్టి, తాము గీసినదానికీ జరిగినదానికీ తేడా ఎక్కడొచ్చిందో ఒక్కొక్కరినీ చెప్పమంటారు. తేడా వచ్చిన ప్రతి చోటా ఒక మనిషి పేరో, ఒక సభ పేరో, ఒక ఒప్పందం పేరో వస్తుంది. బట్టీపట్టిన సంవత్సరాలు అప్పుడు ఆ తేడాలకు సమాధానాలుగా పనికొస్తాయి.

యూనిట్ టెస్టు ప్రశ్నల దగ్గర మాత్రం పేచీ తెగలేదు. విస్తులా, రైన్, డాన్యూబ్, ఆల్ప్స్, రూర్ పటంలో గుర్తించమని మాస్టారు ఒక ప్రశ్న రాసిచ్చారు. దాని కింద టీచరమ్మ తన ప్రశ్న రాసుకున్నారు: “1795లో పటం మీద నుంచి పోయిన పోలండ్ 1918లో తిరిగి వచ్చింది. ఈ 123 ఏళ్లూ విస్తులా నది అదే నేల మీద పారింది. మరి మారినదేమిటి?” విస్తులాని సరిగ్గా గుర్తించినవాళ్లకే రెండో ప్రశ్నకు మార్కులు వెయ్యమన్నారు మాస్టారు. అది మాత్రం ఆమె ఒప్పుకోలేదు.